పైనుంచి చూస్తే మా వామి

నా మనవరాలికి ఉద్యోగం వచ్చినప్పుడు సంతోషపడ్డాను. ఆ ఉద్యోగంతో పాటు ఒక మేడమ్ కూడా వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

మా ఊరు కుందుర్పికి దగ్గర. నా కొడుకుకు గుంతకల్లులో రైల్వే పని. వాడూ కోడలూ అక్కడే క్వార్టర్సులో ఉంటారు. మనవరాలు మాత్రం పాలు మరిచినప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది, నా పక్కనే పడుకుంది. తర్వాత అనంతపురంలో హాస్టల్లో ఉండి చదివింది. ఏం చదివావని ఎవరైనా అడిగితే, శాటిలైట్లు పైనుంచి తీసిన ఫొటోలు చూసి నేల మీద ఏముందో చెప్పే చదువు అనేది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. నేల మీద ఏముందో తెలియాలంటే నేల మీద నడిస్తే సరిపోదా, దానికి అంత పైకి పోవడం దేనికి అని అడిగాను.

"అందరి చేన్లూ నడిచేకి ఒక జన్మ చాలదవ్వా" అంది.

అనంతపురంలోనే ఒక చిన్న ఆఫీసులో చేరింది. రైతులు చేలల్లో తవ్వుకున్న నీటి కుంటలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో ఏవి ఎండాకాలంలో కూడా నీళ్లు నిలుపుకుంటున్నాయో ఫొటోల్లో చూసి మ్యాపు మీద గుర్తు పెట్టడం దాని పని. వాన మొహం చాటేసినప్పుడు ఏ కుంట నుంచి ఒక్క తడి ఇచ్చుకోవచ్చో ఆ మ్యాపు చెబుతుందట. పని మంచిదే. కాకపోతే మొదటి సంవత్సరం పరీక్ష కింద లెక్క. సంవత్సరం ముగిసేటప్పుడు కొత్తవాళ్లందరూ పెద్దల ముందు నిలబడి తాము చేసిన పని చూపించాలి. ఉంచుకోవాలా పంపించాలా అన్నది ఆ రోజే తేలుతుంది.

కొత్తగా చేరినవాళ్లను ఊరికే కుర్చీలో కూర్చోబెట్టి వదిలేయరట. ఒక్కొక్కరిని ఒక పెద్దకు జత చేస్తారట, సేద్యం నేర్పడానికి కొత్త ఎద్దును పాత ఎద్దు పక్కన కాడికి కట్టినట్టు. నా మనవరాలిని కట్టింది ఈ మేడమ్ పక్కన.

శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేది. ఎండాకాలం కాబట్టి నేను విత్తనం కాయలు ఒలుస్తూ కూర్చునేదాన్ని. విత్తనానికి వేరుశనగ కాయలు మిషనుకు వేయను నేను. గింజ పగిలినా, పైనున్న ఎర్రపొర లేచినా అది మొలవదు. కాయ ముక్కు మీద వేలితో నొక్కి, నొప్పి తెలియనట్టు విప్పాలి. ఆ పిల్లకు అది నేర్పింది నేను. చిన్నప్పుడు గింజలు పగలగొట్టి నోట్లో వేసుకుంటుంటే చేతి మీద ఒకటి వేసి మరీ నేర్పాను. ఇద్దరం చెరొక పక్క కూర్చుని, మధ్యలో చేట పెట్టుకుని, మాటలతో పొద్దు పోగొట్టేవాళ్లం. అది మా ఇద్దరి వేళ.

ఆ వేళకే మేడమ్ ఫోను వచ్చేది.

"ఉండవ్వా, మేడమ్" అని లేచిపోయేది. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు కాబట్టి వాకిట్లో కట్ట మీద కూర్చునేది. కూర్చుంటే ఇక లేచేది కాదు. నవ్వేది. అంతసేపు ఏం నవ్వు వస్తుందో శాటిలైట్లలో. నేను కాయలు చేటలోకి కొంచెం గట్టిగా గుమ్మరించేదాన్ని.

"ఏం సద్దు అది?" అని అడిగినట్టుంది ఆమె ఒకరోజు.

"మా అవ్వ మేడమ్. కాయలొలుస్తాంది" అంది ఇది.

"బాగుండాదా మీ అవ్వ?"

"బాగుండాది. కోపంగా ఉండాది" అని మళ్లీ నవ్వు.

మెల్లమెల్లగా ఆ మేడమ్ మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది, మనిషి రాకుండానే. మనవరాలు టీ మానేసింది, మేడమ్ తాగదు కాబట్టి. ఏదైనా అడిగితే "చూద్దాం, తొందరేముండాది" అనడం మొదలుపెట్టింది. అది మా ఇంటి మాట కాదు. మా ఇంట్లో అన్నిటికీ తొందరే, పదును ఆరిపోకముందే విత్తనం పడాల్సిన ఊరు మాది. ఆ మాట విన్న ప్రతిసారీ నా ఒళ్లు మండేది. ఒకసారి జ్వరం వచ్చి హాస్టల్లో పడుకుని ఉంటే మేడమ్ వచ్చి గంజి కాచి ఇచ్చిందట. ఆ సంగతి దానికి జ్వరం తగ్గాక కానీ నాకు తెలియలేదు.

"నాకేంటికి చెప్పలేదే?"

"నువ్వు బస్సెక్కి వచ్చేస్తావని."

"వస్తే ఏం?"

నేను కాచే గంజి కంటే ఆమె గంజి బాగుందా అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే నా పరువు పోతుంది.

నిజం ఒకటి చెప్పాలి. పెద్దల ముందు నిలబడే రోజు దగ్గర పడుతున్న కొద్దీ, ఉంచుకోకపోతేనే బాగుండు అని ఒక మూల అనిపించేది. ఇంటికి వస్తుంది కదా. మళ్లీ చేట ముందు కూర్చుంటుంది కదా. అంతలోనే నన్ను నేను తిట్టుకునేదాన్ని. మళ్లీ ఫోను మోగగానే మళ్లీ అదే అనిపించేది.

మే నెలలో ఒక బుధవారం, పొద్దు ఎక్కుతుండగా మనవరాలు బస్సు దిగి వచ్చింది. శనివారం కాని రోజు. నా గుండె పొంగింది. నన్ను చూడాలనిపించి వచ్చిందనుకున్నాను. మజ్జిగ ఇచ్చాను. నిలబడే తాగి, చెంబు నా చేతికిచ్చి, ఫోను చూసుకుంటూ ఇంటి వెనక దారి పట్టింది.

"యాడికే?"

"ఒక కుంట చూసేది ఉండాదవ్వా. ఈడనే, మన చేని దిక్కే చూపిస్తాంది."

"మన దిక్కు కుంట యాడుండాది?"

"అదే చూసేకి వచ్చినా. మేడమ్ పంపించినాది."

ఆ చెంబు అక్కడే పెట్టేసి వెంట నడిచాను. ఫోనులో ఒక చుక్క కదులుతుంటే దాని వెంబడే పోతుంది పిల్ల. తల ఎత్తదు. చింతచెట్టు దాటింది, రాళ్లకట్ట దాటింది, నేరుగా పోయి మా కట్టె వామి ముందు ఆగింది. కాయలు కొట్టుకున్నాక మిగిలే వేరుశనగ కట్టెను గొడ్లకోసం వామి వేసి, మీద నీలం టార్పాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెడతాను ప్రతి ఏడూ. పిల్ల ఫోను చూసింది. వామి చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"అవ్వా, ఇది ఎప్పటి నుంచి ఈడుండాది?"

"యాడికి పోతాది? కాయలు కొట్టినప్పటి నుంచి ఈడనే ఉండాది. ఏడాదేడాదీ ఈడనే వేస్తాం. చిన్నప్పుడు దీని నీడకే కదా నిన్ను పండుకోబెట్టేది."

నేల మీద కూలబడింది. నేను పామేమో అనుకుని చూశాను.

తర్వాత ఫోనులో నాకు ఆ ఫొటో చూపించింది. ఎర్రమట్టి మధ్యలో నీలంగా ఒక పలక. సగం లేత నీలం, సగం ముదురు. అంత పై నుంచి చూస్తే నిజంగానే నీళ్లలాగా ఉంది. లేతగా ఉన్న చోట తక్కువ నీళ్లు, ముదురుగా ఉన్న చోట లోతు అని రాసిందట అది. నాకు నవ్వు వచ్చింది కానీ దాని మొహం చూసి ఆపుకున్నాను. ఆ లేత సగం నా పాత టార్పాలు. ఎండకు వెలిసిపోయి ఒక పక్క చిరిగితే, మొత్తం కొత్తది కొనడం దండగ అని, చిరిగిన మేర కోసేసి, కొత్త ముక్క తెచ్చి, గోనెసంచుల సూదితో నేనే అతుకు వేశాను. మా ఇంట్లో సగం వస్తువులు అట్లాగే ఉంటాయి.

"మేడమ్‌కు అనుమానం వచ్చినాది" అంది పిల్ల. "చలికాలం ఫొటోలోనూ ఇంతే ఉండాది, ఎండాకాలం ఫొటోలోనూ ఇంతే ఉండాది. మే నెలలో కూడా తగ్గని నీళ్లు మీ కుందుర్పి దిక్కు ఎట్లుంటాయి, పోయి చూసిరా పో అన్నాది."

నా దగ్గర పెరిగిన పిల్లకు మా చేను మీద పడుకున్న వామిని, ధర్మవరమో ఎక్కడో ఉండే ఆమె చూపించాల్సి వచ్చింది. నా మనసుకు ముల్లు గుచ్చుకుంది. కానీ అప్పుడు అసలు సంగతి అది కాదు. ఇదొక్కటే అయితే చెరిపేస్తే పోయేది. ఇట్లాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు. ఈ దిక్కు ఊర్లలో ప్రతి ఇంటికీ వామి ఉంటుంది, ప్రతి వామికీ టార్పాలు ఉంటుంది. మ్యాపులో దిద్దుకోవడానికి వ్యవధి కూడా లేదు, అది ముందే పెద్దలకు పోయింది. వచ్చే వారమే పెద్దల ముందు నిలబడాలి.

వాకిట్లో కట్ట మీద కూర్చుని ఫోను చేసింది. నా ముందే ఏడవకుండా ఉన్న పిల్ల ఆమె గొంతు వినగానే ఏడ్చింది. నేను గడపలో నిలబడి ఉన్నాను.

ఆమె ఏం చెప్పిందో దీని జవాబుల్లోనే తెలిసింది. దాచొద్దంది. ఎవరైనా కనిపెట్టకముందే నువ్వే లేచి చూపించు అంది. ఆదివారం తానే వస్తాననీ, ఇద్దరం కలిసి ఈ చుట్టుపక్కల నీలం పలకలన్నీ నడిచి చూద్దామనీ అంది.

ఫోను పెట్టేశాక నేను నా మాట చెప్పాను.

"నోరు మూసుకోని ఉండు. పై నుంచి చూసి ఎవరు కనుక్కుంటారు? నువ్వే పోయి తప్పు చేసినానని చెప్తే ఎవరన్నా పని ఇస్తారా?"

"మేడమ్ చెప్పమన్నాది."

"నేను వద్దంటాండా."

"నీకు తెలీదవ్వా. ఆడ నీళ్లుండాయని ఎవరన్నా నమ్మి పైరు పెట్టుకుంటే? వచ్చి చూస్తే నీ వామి ఉంటాది."

ఆ మాట సరైనదే. సరైన మాట అయినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. రాత్రి అన్నం పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తెల్లవారుజామున లేచి తలకు గుడ్డ చుట్టుకుని దాన్ని తట్టి లేపాను.

"లెయ్. ఆ పలకలేవో చూసుకోని వద్దాం."

"ఆదివారం మేడమ్ వస్తాంది కదా."

"ఆమె వచ్చేలోగా అయిపోవాల. ఎండలో ఊరు కానామెను తిప్పుతావా? నేను లేనా?"

అట్లా బయలుదేరాం. ఎండ నెత్తికెక్కే దాకా నడవడం, మళ్లీ సాయంత్రం నడవడం. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. అయినా ఆ కొద్ది రోజులూ నాకు పండగలాగా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గు. ముందు దానికి ఫోను దారి చూపించేది, వెనక నేను. ఎవరైనా దూరం నుంచే "ఎవరు అది మా చేన్లో" అని కేకేస్తే నేను జవాబు చెప్పేదాన్ని.

పక్క ఊరి ఆయన ఒకడు, నాకు వరసకు కొడుకవుతాడు, గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం పెద్దమ్మా, ఎండలో మనవరాలిని ఎంటేసుకోని తిరుగుతాండావ్, సంబంధం చూస్తాండావా?"

"నీ కుంట చూసేకి వచ్చినాం. పిల్ల మ్యాపులో నీ కుంట నిండా నీళ్లుండాయంట."

"నీళ్లుంటే నేను నీకు ఈడ కనపడేవాణ్ణా పెద్దమ్మా. ఆన్నే ఈదులాడుతాంటి."

పిల్ల పోయి చూసింది. అది కుంట కాదు, గొర్రెల కొట్టం మీద వేసిన నీలం రేకు. మొహం వేలాడేసుకుని వచ్చింది. ఆయనకు మాత్రం ఇంకొక దిగులు పట్టుకుంది.

"పాపా, పైనుంచి ఫొటో తీస్తారంట కదా. నేను చొక్కా లేకుండా మంచమేసుకోని పండుకున్నది కూడా కనపడుతాదా?"

"అంత చిన్నవి కనపడవులే చిన్నాయనా."

"సగం బతికినా. మీ చిన్నమ్మకు చెప్పు ఆ మాట, ఆమె గవర్నమెంటోళ్లు చూస్తాండారని నన్ను మధ్యాన్నం పండుకోనీయడం లేదు."

అప్పుడు నవ్వింది పిల్ల, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. ఆ నవ్వు మాత్రం నా లెక్కలో వేసుకున్నాను.

కొన్ని నిజంగానే కుంటలు. కొన్నింట్లో అడుగున బురద, మధ్యలో కొంచెం నీళ్లు కూడా ఉన్నాయి. కొన్ని మాత్రం వాములు, ఒకటి రెండు రేకులు. శనివారం చీకటి పడేలోపు మా దిక్కువన్నీ చూసేశాం. ఇక ఆమె రానక్కర్లేదని చెప్పమన్నాను. పిల్ల ఫోను చేసింది.

"అయినా వస్తానంటాంది అవ్వా. నిన్ను చూడాలంట."

ఆదివారం మేడమ్ వచ్చింది. టౌను మనిషి, కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని ముక్కు మూసుకుంటూ వస్తుందని నేను అనుకున్నాను. అట్లా వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. నెరిసిన జుట్టుకు రంగు వేయని మనిషి, పాత బూట్లు, భుజానికి ఒక గుడ్డ సంచి. వాకిట్లోనే బూట్లు విడిచి, "ఏమమ్మా, బాగుండావా" అంది, అచ్చం మా వాళ్లలాగా. అది నాకు ఇంకా నచ్చలేదు.

సంగటి ముద్ద, వేరుశనగ గింజలు నూరిన ఊరుబిండి పెట్టాను. ఎట్లా తింటుందో చూడాలని ఎదురుగా కూర్చున్నాను. సంగటి నమలకుండా, ఊరుబిండిలో అద్దుకుని మింగింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తిన్నాక కంచం తానే కడిగి, కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోసింది. ఆ ఒక్క పని నేను మెచ్చుకున్నాను, లోపల.

"ఆ వామి యాడుండాదమ్మా? చూడాల" అంది.

ముగ్గురం పోయాం. ఆమె టార్పాలు చుట్టూ తిరిగి, అతుకు దగ్గర ఆగి వేళ్లతో తడిమింది.

"ఈ కుట్టు ఎవరేసినారు?"

"నేనే."

"గోనెపట్ట కుట్టు. గట్టిగుండాది." ధర్మవరంలో తమ ఇంట్లో మగ్గాలుండేవనీ, తన తండ్రి తెగిన పోగును అతికేటప్పుడు దీపం దగ్గర పెట్టుకుని చూపించేవాడనీ చెప్పింది. తర్వాత, "నేను కూడా మొదట లోతనే అనుకున్నానమ్మా. పాప రాసింది చూసి బాగుండాదని పంపించేసినా. ఎండాకాలం ఫొటో వచ్చినాక కానీ నాకు తట్టలేదు" అంది.

మనవరాలు నా కోసం నీళ్లు తేవడానికి పోయినప్పుడు నేను ఆమెను ముక్కుసూటిగా అడిగాను.

"నా మనవరాలిని ఉంచుకుంటారా, పంపిస్తారా?"

"నా చేతిలో లేదమ్మా. జత కట్టినోళ్లకు ఆ పొద్దు మాట ఉండదు. మిగిలినోళ్లు తేలుస్తారు."

"అయితే నీవల్ల దానికేం లాభం?"

ఆమె నవ్వింది. "పక్కన కూర్చునే లాభం, అంతే."

పక్కన కూర్చోవడం కూడా ఒక పనేనా అని నేను అనుకున్నాను. కూర్చోవడమే అయితే అది నేను చేస్తూనే ఉన్నాను కదా, ఇన్నేళ్లుగా, చేట ముందు.

ఆ పెద్దల ముందు నిలబడే రోజు నేను కూడా అనంతపురం పోయాను. ఎవరూ రమ్మనలేదు. మూటలో సంగటి కట్టుకుని, తొలి బస్సుకే కళ్యాణదుర్గం మీదుగా పోయాను. హోటల్లో తినే అలవాటు నాకు లేదు. హాలులో ఫ్యాన్లు, కుర్చీలు, గోడ మీద తెల్లగుడ్డ. మేడమ్ నన్ను చూసి తన పక్క కుర్చీ చూపించింది. ఇంకెక్కడా ఖాళీ లేక కూర్చున్నాను.

వాళ్లకొక ఆచారం ఉందట. కొత్తవాళ్ల పని చూడకముందు, ఆ హాలులో ఉన్న పెద్దలు ఒక్కొక్కరే లేచి, తాము పనిలో చేరిన కొత్తలో చేసిన పెద్ద తప్పేదో గోడ మీద చూపించాలి. నేను నమ్మలేదు. కానీ నిజంగానే ఒకరి తర్వాత ఒకరు లేచారు. మేడమ్ వంతు వచ్చినప్పుడు ఒక గుట్ట ఫొటో వేసింది. తెల్లటి గుండ్రాళ్ల గుట్ట, మా దిక్కు అట్లాంటివి కోకొల్లలు. పైనుంచి మెరుస్తుంటే ఇళ్ల మిద్దెలనుకుని దాన్ని ఊరని రాసిందట.

"ఆ ఊరికి రోడ్డు లేదే అని కూడా రిపోర్టులో బాధపడి రాసినా" అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వేశాను, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నవ్వుతుండగానే నాకు ఏదో అయ్యింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వానకు, గొర్రు వెనక నడుస్తూ విత్తనం వేయమన్నారు. చేయి తిరగక గింజలు ఒకే చోట గుప్పెడు గుప్పెడు పడ్డాయి. ఆ సాలు మొలిచాక ఊరంతా వచ్చి చూసింది. మా అత్త ఆ ఏడాదంతా ఆ మాటే చెప్పింది, నూరిపోసినట్టు. ఆమె కూడా ఒకప్పుడు కొత్త కోడలే, ఆమె చేయి కూడా ఎప్పుడో ఒకసారి తడబడే ఉంటుంది. ఆ ఒక్క మాట నాతో అని ఉంటే ఆ రోజు నేను గొడ్ల పాకలో కూర్చుని ఏడవకుండా ఉండేదాన్ని. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇప్పుడు నా మనవరాలి పక్కన ఒకామె కూర్చుంది. ఇన్నాళ్లూ నా మంట ఆ మేడమ్ మీద అనుకున్నాను. కొంత నా మనవరాలి మీద కూడా అని అప్పుడు తెలిసింది.

మనవరాలి వంతు వచ్చింది. చేతిలో ఉన్నదేదో నొక్కితే గోడ మీద మ్యాపు వచ్చింది. బాగుందన్నట్టు ఇద్దరు ముగ్గురు తలలూపారు. అక్కడితో ఆపి ఉండవచ్చు. అది ఊపిరి పీల్చుకోవడం నేను కూర్చున్న చోటికి కనపడింది.

"దీంట్లో తప్పుండాది. నేనే చూపిస్తా" అంది.

గోడ నిండా మా వామి వచ్చింది. అంత పెద్దదిగా, అంత పైనుంచి నేను దాన్నెప్పుడూ చూడలేదు. లేత సగం, ముదురు సగం, మధ్యలో నా అతుకు.

"ఇది కుంట అని రాసినా. ఇది మా అవ్వ వామి."

నవ్వులు. ముందు వరసలో బట్టతలాయన ఒకడు అడిగాడు. "మీ ఇంటి వామినే గుర్తుపట్టలేకపోతే మిగిలినవి ఎట్లమ్మా నమ్మేది?"

నేను లేవబోయి ఆగాను.

"మాది కుందుర్పి దిక్కు సార్" అంది పిల్ల. "మా చేన్లో నీళ్లు కనపడేసరికి నాకు సంతోషమైపోయినాది. ఆ సంతోషంలో మళ్లీ చూడలేదు. మా దిక్కోళ్లు ఎవరు చూసినా అట్లే చేస్తారు సార్. అందుకే మా దిక్కు నీళ్లుండాయని పైనుంచి కనపడితే, నడిచి చూడకుండా రాయకూడదని అనుకున్నా. మా అవ్వ నేనూ నడిచినాం. ఈ పక్కవి దిద్దినా, మిగిలినవి ఇంకా చూడాల."

ఆ బట్టతలాయన తల వంచి రాసుకున్నాడు. పిల్ల అప్పుడు తలెత్తి మా వైపు చూసింది. చూసింది ఎవరినని నేను గమనించకుండా ఉంటానా? మేడమ్‌ను చూసింది.

అంతలో నా ముంజేయి మీద ఏదో పడింది. మేడమ్ చేయి. ఫ్యాన్ కింద కూడా చెమట పట్టి చల్లగా ఉంది. ఆమె గోడ వైపే చూస్తోంది, నా చేయి పట్టుకున్న సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు. ఆమెకు కూడా భయముంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. విడిపించుకోవాలనిపించింది. విడిపించుకోలేదు.

మధ్యాహ్నానికి తేలిపోయింది. ఉంచుకున్నారు. మిగిలిన మండలాల్లోని పలకలు కూడా నడిచి చూసే పని దీనికే ఇచ్చారు.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. అది ముందు మేడమ్ రెండు చేతులూ పట్టుకుంది. నేను మళ్లీ కూర్చున్నాను. తర్వాత నా పక్కకు వచ్చి, నా మూట వైపు చూసి, "ఆకలైతాందవ్వా" అంది. ఆమెకు చేతులు, నాకు ఆకలి. ఎవరికి ఎక్కువ దక్కిందో బస్సులో ఇంటిదాకా ఆలోచించాను. ఆకలే ఎక్కువ అని తేల్చుకున్నాను.

ఇప్పుడు మళ్లీ విత్తనం కాయలు ఒలిచే కాలం వచ్చింది. మనవరాలు శనివారాలు వస్తుంది. మొన్న వస్తూ కొత్త టార్పాలు తెచ్చింది, అతుకు లేనిది, పెద్దది.

"పాతది తీసెయ్ అవ్వా."

"పాతదానికేమైనాది? నీళ్లు కారతాండాదా?"

"ఇంకెవరన్నా కుంట అనుకుంటారు."

"అనుకుంటే నడిచి వచ్చి చూస్తారు" అని కొత్తది మడిచి అటక మీద పెట్టాను. చిరిగినప్పుడు చూద్దాం.

చేట మధ్యలో పెట్టుకుని కూర్చున్నామో లేదో, దాని ఫోను మోగింది. నా ముఖం ముడుచుకుంది. కానీ మేడమ్ కాదు. నల్లమాడ దిక్కు నుంచి కొత్తగా చేరిన ఒక పిల్ల. ఈ ఏడాది ఆ పిల్లను దీనికి జత కట్టారట. ఇంకా కొత్త ఎద్దే కదా ఇది, అప్పుడే పాత ఎద్దయిపోయింది. వాకిట్లో కట్ట మీద కూర్చుని ఆ పిల్లకు ఏదో చెబుతోంది.

"చూద్దాంలే, తొందరేముండాది. ఆ తప్పు నేనూ చేసినా. చెప్తా విను" అంటోంది.

కాసేపటికి నా ఫోను మోగింది. నా ఫోనుకు ఎవరూ చేయరు, కొడుకు తప్ప. చేటతో సహా గడప దగ్గరికి జరిగి ఎత్తితే మేడమ్.

"అమ్మా, పాప ఫోను ఎప్పుడు చేసినా బిజీ అనే వస్తాంది. బాగుండాది కదా?"

ఆ గొంతు నాకు తెలుసు. నవ్వుతున్నట్టే ఉంటుంది, లోపల నవ్వు ఉండదు. వాకిట్లో ఎవరి నవ్వో వింటూ చేటలోకి కాయలు గట్టిగా గుమ్మరించే మనిషి గొంతు అది. నా కడుపు చల్లబడింది, అబద్ధం చెప్పను.

"బాగుండాది. కొత్త పిల్లతో మాట్లాడతాంది. పొద్దు మునిగినా లేవదు, నాకు తెలుసు."

"ఓహో" అంది ఆమె. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పిల్ల చేసేటట్టు, నేను కాయ ముక్కు నొక్కాను. గింజ పొర లేవకుండా వచ్చింది.

"రేపు ఆదివారం కదా. కాయలు శానా ఉండాయి" అన్నాను. "వచ్చి కూర్చో. కూలి ఇయ్యను. సంగటి పెడతా."

"పొద్దున బస్సుకే వస్తానమ్మా" అంది.

"మిషను చేయి పనికిరాదు. గింజ పగలకూడదు" అని ముందే చెప్పి పెట్టాను.